మూడో మోరీ దగ్గర ఐదుగురు

ఉమామహేశ్‌కు ఒక్కచోట కాలు నిలవదు. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే చేతిలో బండి తాళాలు ఆడతాయి. "వీణ్ణి కడుపుల మోసిన తొమ్మిది నెలలూ నాకు కంటి మీద కునుకు లేదు" అని కిరాణా కొట్టు నడిపే వాళ్లమ్మ అన్నపూర్ణమ్మ చెప్పుకోని గిరాకీ దోర్నపాల్‌లో లేదు. అలాంటివాడికి ఏ పుణ్యాత్ముడో సరిగ్గా అతికిన ఉద్యోగమే ఇచ్చాడు. బైకు మీద అడవి రోడ్లన్నీ తిరగాలి, బస్సు కోసం జనం ఎక్కడెక్కడ నిలబడతారో చూడాలి, ఫొటో తీసి, ఫోన్‌లోని మ్యాపు మీద చుక్క పెట్టాలి. నాలుగు నెలలు తిరిగాడు. ఒళ్లు హూనమైనా మొహం మాత్రం వెలిగిపోతూ ఉండేది.

ఆ బస్సుల సంగతి కూడా చెప్పుకోవాలి. జగదల్‌పూర్ వీధుల్లో తిరిగి తిరిగి అలిసిపోయిన చిన్న నీలం బస్సులు నాలుగు, కొత్తగా పడిన ఈ అడవి రోడ్లకు ఇచ్చారు. వాటి నుదుటి మీద 'సిటీ బస్' అన్న రాత ఎవరూ చెరపలేదు. సిటీ అనేది చుట్టుపక్కల ఎక్కడా కనబడదు గానీ, కిష్టారం దిక్కు నుంచి పొద్దున్నే దోర్నపాల్‌కు వచ్చే బస్సును కూడా అందరూ సిటీ బస్సనే పిలుస్తారు. ఉమామహేశ్ పెట్టిన చుక్కల్ని బట్టి దానికి పదమూడు స్టాపులు ఖాయమయ్యాయి. టవర్ లేనిచోటా పనిచేసే ఉపగ్రహం డబ్బా ఒకటి ముందు బిగించడంతో, బస్సు ఎక్కడుందో ఎవరి ఫోన్‌లో వాళ్లకు కనబడటం మొదలైంది. సోమవారం నుంచి కొత్త పద్ధతి, మంగళవారం నుంచి గొడవ.

ఆ మంగళవారం ఎనిమిదిన్నరకు బస్సు వచ్చి వాళ్ల కిరాణా కొట్టు ముందే ఆగింది. అందరూ దిగారు. ఇర్మె దిగలేదు, పొజ్జా దిగలేదు.

ఇర్మెది మూడో మోరీ దగ్గరి పల్లె. మోరీ అంటే రోడ్డు కింద నీళ్లు పోయే తూము. పల్లెలు లోపలెక్కడో ఉంటాయి కాబట్టి ఆ లైనులో మోరీలతోనే చోట్లు గుర్తుపెట్టుకుంటారు. ఇర్మె మొగుడు పొజ్జాకు కిడ్నీలు రెండూ చెడిపోయాయి. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం అతన్ని పట్టుకుని ఈ బస్సులో వచ్చి, ఇక్కడ సుక్మా బస్సు ఎక్కుతుంది. అక్కడి ఆసుపత్రిలో మిషను మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చేస్తారు. అది తప్పితే ఒళ్లంతా ఉబ్బుతుంది, ఊపిరాడదు. సుక్మా బస్సు వచ్చేదాకా పొజ్జా కొట్లో బల్ల మీద కూర్చుంటాడు, అన్నపూర్ణమ్మ అతనికి సగం గ్లాసు టీ కొలిచి ఇస్తుంది. అంతకన్నా ఎక్కువ తాగకూడదు. ఎనిమిది నెలలుగా ఒక్కసారి తప్పలేదు.

"ఏరీ వాళ్లు?" అంది అన్నపూర్ణమ్మ, టీ గ్లాసు చేతిలోనే పట్టుకుని.

డ్రైవర్ ముత్తయ్య బస్సు దిగి తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ రోడ్ల మీదే జీపులు, లారీలు, ఇప్పుడు బస్సు తోలుతున్న మనిషి. "మోరీ కాడ ఆపలేదు. స్టాపు తీసేసిండ్రు. లేని స్టాపుల ఆపితే ముందటున్న డబ్బా కూస్తది. మూడు కూతలకు డ్యూటీ పోతది. నిన్న ఒక్కదినమే నాకు రెండు పడ్డయి."

"ఎవరు తీసిండ్రు?"

"నీ కొడుకునే అడుగు వదినా" అన్నాడు ముత్తయ్య. "స్టాపులు లెక్కపెట్టినప్పుడు నన్నెవడన్న అడిగిండా? ఆయనే బండేసుకోని తిరిగె." అలిగి ఉన్నాడని మొహమే చెప్తోంది. హోటల్‌లోకి వెళ్లిపోయాడు.

ఉమామహేశ్‌కు తల కొట్టేసినట్టయింది. వెంటనే ఫోన్ తెరిచి తన లెక్క తీశాడు. మూడో మోరీకి నాలుగుసార్లు పోయాడు. రూలు ప్రకారం బస్సు టైముకు పది నిమిషాల ముందే పోయాడు. నాలుగు ఫొటోలున్నాయి, వాటిలో రోడ్డుంది, మోరీ గోడుంది, వెనక చింతచెట్లున్నాయి. నరమానవుడు లేడు. ఐదు ఉన్నచోట ఆరు వెయ్యలేదు, సున్నా ఉన్నచోట ఒకటి వెయ్యలేదు. అంత నిక్కచ్చిగా చేసిన పని అది.

"సున్నా అంటే సున్నానే అమ్మా. నేనేం చేసేది?"

"నాలుగు సున్నాలు పెట్టినవు, మంచిదే. మరి పొజ్జా ఎనిమిది నెలల సంది గాల్లోంచి దిగుతుండా?"

ఉమామహేశ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బయటికి పోయాడు, లోపలికి వచ్చాడు, మళ్లీ బయటికి పోయాడు. చివరికి జగదల్‌పూర్‌లో మ్యాపు పని చూసుకునే వినోద్ సార్‌కు ఫోన్ చేశాడు. వినోద్ చెడ్డవాడేం కాదు, కాకపోతే తెర మీద కనబడనిది ఆయన లెక్కలో లేదు. "డేటా భేజో భాయ్" అన్నాడు. బస్సు టైములో అక్కడ ఐదుగురు నిలబడిన ఫొటో ఒకటి కావాలి. తలలు ఫోనే లెక్కపెట్టుకుంటుంది, చేత్తో రాస్తే చెల్లదు. గురువారం సాయంత్రానికి లిస్టు మూసేస్తారు, మళ్లీ తెరిచేది మూడు నెలలకే.

మధ్యాహ్నం ఇర్మె పక్కింటి బిజ్జా ఉప్పు కోసం కొట్టుకు వచ్చాడు. పొద్దున బస్సు ఆగకుండా పోతే పొజ్జాను తన బైకు వెనక కూర్చోబెట్టుకుని తీసుకురావాలని చూశాడట. నాలుగు కిలోమీటర్లకే మనిషి పక్కకు వాలిపోయాడు, ఇద్దరూ పడబోయారు, ఇంక భయపడి వెనక్కి తిప్పేశాడు. "అంబులెన్సుకు చేద్దామంటే ఆడ టవర్ లేదు" అన్నాడు. "కాళ్లు అప్పుడే ఉబ్బినయి. శుక్రవారం గూడ తప్పితే కష్టమే." చెప్పేసి, ఉప్పు సంచి తీసుకుని, చల్లగా వెళ్లిపోయాడు.

"శుక్రవారం నేను జీపు మాట్లాడి తీసుకపోత" అన్నాడు ఉమామహేశ్.

"పో. తర్వాత మంగళవారం? ఆ తర్వాత శుక్రవారం?" అన్నపూర్ణమ్మ పప్పు చెరుగుతూనే అడిగింది. "మూడు నెలలు ఎవరి జీపు తిరుగుతది రా?"

బుధవారం పొద్దున భద్రాచలం పోయి కళ్లద్దాలు తెచ్చుకోవాలని అన్నపూర్ణమ్మ బయల్దేరింది. ఉమామహేశ్ ఆమెను బస్సెక్కించడానికి కొట్లోకి వచ్చాడు. సంచి ఒళ్లో పెట్టుకుని ఆమె బియ్యం బస్తాల వెనక స్టూలు మీద కూర్చుని ఉంది. బయట ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది, ఎండ కూడా లేదు.

"బస్సు వచ్చే టైమైంది. బయట నిలబడరాదే అమ్మా?"

"హారన్ కొడతడు కద, అప్పుడు పోత."

"అప్పుడు ఉరుకుడెందుకు? ముందే నిలబడు."

"రోడ్డు మీద నిలబడి ఏం చెయ్యాలె?" అంది ఆవిడ, ఇదేం ప్రశ్న అన్నట్టుగా. "ఎవరు పోతరో, ఎవరు వస్తరో. ఎవరి కంట్ల పడతమో. అందరూ లోపల్నే కూర్చుంటరు."

ఉమామహేశ్ బయటికొచ్చి చూశాడు. టైలరు కొట్లో ఒక ముసలాయన మూటతో ఉన్నాడు. హోటల్ లోపల గోడవైపు ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. మందుల షాపులో ఒక కుటుంబమే ఉంది. రోడ్డు మీద మాత్రం ఒక్కడూ లేడు. ఇంతలో మూలమలుపులో హారన్ మోగింది, నాలుగు కొట్లలోంచి పదిమంది ఒక్కసారిగా బయటపడ్డారు. వాళ్లతోపాటు అన్నపూర్ణమ్మా సంచి చంకనేసుకుని ఉరికింది.

"ఎప్పటి నుంచి ఇట్ల?" అని ఆమె వెంట నడుస్తూ అడిగాడు.

"ఆ రోజుల సంది. అన్నలకూ పోలీసులకూ నడిచిన గొడవల రోజులల్ల రోడ్డు మీద నిలబడ్డోళ్లకే కద అన్ని ప్రశ్నలు. నువ్వు గూడ స్కూలు బస్సుకు ఈ బస్తాల ఎనక నుంచే ఉరికేటోడివి. యాది లేదా?"

యాది లేదు. ఆరేళ్లు వరంగల్‌లో చదువుకుని వచ్చాడు. అక్కడ బస్టాండులో అందరూ వరసగా నిలబడితే, నిలబడటమే పద్ధతి అనుకున్నాడు. ఇక్కడ పుట్టి, ఇక్కడ పెరిగి, ఈ బస్తాల వెనకే దాక్కుని బస్సెక్కినవాడు, బస్సు కోసం ఎంతమంది ఉన్నారో రోడ్డు మీద వెతికి సున్నా వేసి వచ్చాడు. పైగా హెల్మెట్ పెట్టుకుని, బైకు ఆపి, ఫోన్ ఎత్తి ఫొటోలు తీసి, బస్సు రాకముందే తర్వాతి స్టాపుకు పోయేవాడు. అలాంటి శాల్తీని చూసి చెట్లలోంచి ఎవరొస్తారు? తన మీద తనకే ఒళ్లు మండింది. అమ్మను ఎక్కించి, నిలబడ్డ పాటున బండి తీశాడు.

ముప్పై అయిదు కిలోమీటర్లు. మూడో మోరీ దగ్గర ఎప్పట్లాగే ఎవరూ లేరు. ఈసారి బండి దిగి చింతచెట్ల కిందికి నడిచాడు. రోడ్డుకు రెండొందల అడుగుల దూరంలో నేలంతా నున్నగా అరిగిపోయి ఉంది. కూర్చోవడానికి మొద్దులున్నాయి, నీళ్ల సీసా మూతలున్నాయి, బీడీ ముక్కలున్నాయి. స్టాపు అంటే అదీ. వాడు నాలుగుసార్లు వచ్చి దాన్ని ఫొటోలో వెనకాల చెట్లుగా తీసుకుపోయాడు. అక్కడే నిలబడి మ్యాపు మీద చుక్క పెట్టబోతే, ఇక్కడ రోడ్డు లేదు అని ఫోన్ ఒప్పుకోలేదు. మూడుసార్లు నొక్కినా అదే మాట.

ఇర్మె ఇంట్లోనే ఉంది. పొజ్జా గోడకు ఆనుకుని కూర్చున్నాడు, కళ్ల కింద ఉబ్బింది. ఉమామహేశ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు, తప్పు తనదేనన్నాడు. రేపు పొద్దున బస్సు టైముకు ఐదుగురు రోడ్డు మీద నిలబడితే చాలు, ఒక్క ఫొటో, మళ్లీ ఎప్పటికీ అడగను అన్నాడు.

ఇంకో పక్కింటి ఆమె దేవే వచ్చి గుమ్మంలో నిలబడింది, బిజ్జా వచ్చాడు. వాళ్లలో వాళ్లు తమ దోర్లీ భాషలో ఏదో అనుకున్నారు.

"రోడ్డు మీద ఎవరం నిలబడం, చిన్న సావుకారీ" అంది చివరికి ఇర్మె. కొట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పింది. "నా కొడుకు బుధ్రా నిలబడ్డడు. దోర్నపాల్ల బట్టలు కుట్టుడు నేర్చుకుంటనని పొయ్యేటోడు. అప్పుడు బస్సు లేదు, జీపొచ్చేది. చెట్ల కింద కూసోరా అంటే కూసోకపొయ్యేది, జీపు పోతదని రోడ్డెక్కి నిలబడేటోడు. ఒక దినం వేరే బండొచ్చి ఆగింది. ఏదో అడిగేదున్నదని ఎక్కించుకున్నరు."

"ఎవరు?"

"ఎవరని నన్నడగకు. అప్పట్ల అందరి బండ్లూ తిరిగేటివి. ఏడేండ్లయింది." ఆమె పొజ్జా వైపు చూసింది. "నేను చెట్ల కిందనే ఉన్న. చూస్తనే ఉన్న."

ఇంక ఎలా అడుగుతాడు? అడగకపోతే పొజ్జా సంగతేమిటి? తిరిగొచ్చేటప్పుడు దారంతా వాడికి ఈ రెండు మాటలే. ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. వాళ్ల నాన్న సుందరరావు మామూలుగా నోరు విప్పడు, ఆయన కూడా, "కాసేపు కూర్చోరా, నాకు కళ్లు తిరుగుతున్నయి" అన్నాడు.

గురువారం ఆరున్నరకల్లా మూడో మోరీ దగ్గరున్నాడు. బండిని దూరంగా ఆపాడు, హెల్మెట్ దానికే తగిలించాడు, మొహం అందరికీ కనబడేలా నడిచి వచ్చాడు. బస్సు ఏడింటికి. మోరీ గోడ మీద కూర్చున్నాడు, లేచాడు, అటు పది అడుగులు వేశాడు, ఇటు పది అడుగులు వేశాడు. చెట్ల కింద నలుగురు కూర్చుని ఉండటం ఇప్పుడు కనబడుతోంది. వాళ్లకూ వీడు కనబడుతున్నాడు. పిలవాలని నోటిదాకా వచ్చింది, మింగేశాడు. ఏడింటికి పన్నెండు నిమిషాలుందనగా ఇర్మె లేచింది.

ఒక్కతే నడిచి వచ్చింది. రోడ్డు అంచున ఆగింది. తర్వాత తారు మీద కాలు పెట్టి, మోరీ గోడకు ఇవతలగా, ఎప్పుడో గుర్తుపెట్టుకున్న చోటుకు వచ్చినట్టు సరిగ్గా వచ్చి నిలబడింది. కొంగు చివర చేతిలో నలిపేస్తోంది.

"తియ్యి" అంది.

ఫోన్ ఎత్తాడు. తెర మీద 1 అని పడింది. ఇర్మె వెనక్కి తిరిగి వాళ్ల మాటలో పేర్లు పెట్టి పిలిచింది. బిజ్జా భుజం పట్టుకుని పొజ్జా ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చాడు. అతను కదిలితే ఇంక ఎవరు కూర్చుంటారు, దేవే కూడా వచ్చింది. ఆమె ముందు అటూ ఇటూ రోడ్డు పొడుగునా చూసి, ఆ తర్వాతే అడుగు పెట్టింది.

తెర మీద 4 అని పడింది. ఎలా తిప్పినా నాలుగే. దూరంగా బస్సు చప్పుడు వినబడుతోంది.

"ఇంకా ఎవరన్న ఉన్నరా ఇర్మక్కా? ఐదుగురు కావాలె. నలుగురే ఉన్నరు."

ఇర్మె వాడి వైపు విసుగ్గా చూసింది. "నలుగురేంది? సక్కగ చూడు." వేలు మడిచి లెక్కపెట్టింది. "నేను. ఈయన. దేవే. బిజ్జా." తర్వాత తనకూ పొజ్జాకూ మధ్య వదిలేసిన ఖాళీ చోటు చూపించింది. "బుధ్రా ఈడనే కద నిలబడ్డడు."

అప్పుడు చూశాడు ఉమామహేశ్. ఆమె, పొజ్జా ఒకరికొకరు ఆనుకుని నిలబడలేదు. నిలబడలేని మనిషిని బిజ్జాకు అప్పగించి మరీ మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా ఉంచింది.

బస్సు మలుపు దగ్గరికి వచ్చేసింది. ఫోన్‌ను మోరీ గోడ మీద రాయికి ఆనించి, పది సెకన్ల టైమర్ నొక్కి, ఉరికాడు. ఆ జాగాలో నిలబడబోయి ఆగాడు. "ఇక్కడ నేను నిలబడనా?" అని అడిగాడు.

ఇర్మె వాడి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. వాడి మోకాలు ఇంకా ఆడుతూనే ఉంది. హారన్ మోగింది, రెండుసార్లు, పాత పద్ధతిలో. దేవే ఉలిక్కిపడింది గానీ కదల్లేదు. ఫోన్ క్లిక్కుమంది.

ముత్తయ్య బస్సును నడకకు తెచ్చి, రోడ్డు మీద నిలబడిన ఐదుగురినీ నోరు తెరుచుకుని చూశాడు. ఆపలేదు, ఆపితే డబ్బా కూస్తుంది. కిటికీలోంచి తల బయట పెట్టి, "రేపు" అని మాత్రం అన్నాడు.

తెర మీద 5 పడింది. టవర్ దొరికేదాకా బండి తోలి, ఫొటో పంపి, సాయంత్రం వరకూ వినోద్ సార్‌కు పదకొండుసార్లు ఫోన్ చేశాడు. పదకొండోసారి ఆయన, "అరే బాబా, హో గయా, స్టాపు ఎక్కింది, ఇంక పడుకో" అన్నాడు. వాడు పడుకున్నాడు గానీ నిద్రపోలేదు.

శుక్రవారం కొట్టు గుమ్మంలో నిలబడి మ్యాపు మీద బస్సు చుక్కనే చూస్తున్నాడు. చుక్క మలుపు తిరిగింది. మూడో మోరీ దగ్గర ఆగింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు, మూడు. కదలదేంది? ఏమైంది? అన్నపూర్ణమ్మ కొత్త కళ్లద్దాలు పెట్టుకుని వాడి భుజం మీంచి చూసింది. "ముసలోడు మెట్టెక్కొద్దా? అందరూ నీలెక్కనే ఉరుకుతరా?" అంది. నాలుగో నిమిషానికి చుక్క కదిలింది.

ఎనిమిదిన్నరకు బస్సు ఆగింది. ముత్తయ్యే దిగొచ్చి పొజ్జాను రెక్క పట్టుకుని దించాడు, తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. "చెట్ల కిందనే ఉన్నరు, మళ్లీ" అన్నాడు ఉమామహేశ్‌తో. అలక ఇంకా పూర్తిగా పోలేదు. "హారన్ కొట్టి ఆగిన. వచ్చేదాక ఆగిన. ఇప్పుడు డబ్బా కూస్తలేదు." అన్నపూర్ణమ్మ సగం గ్లాసు కొలిచింది.

ఇర్మె గుమ్మం దాటి లోపలికొచ్చి, బస్తాల వెనక తన మామూలు చోట్లో కూర్చుంది. సుక్మా బస్సుకు ఇంకా పావుగంట ఉంది. "ఆ ఫొటో చూపియ్యి" అంది.

ఉమామహేశ్ ఫోన్ ఇచ్చాడు. ఆమె తన్ను తాను చూసుకోలేదు, పొజ్జానూ చూడలేదు. నలుగురి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి. మధ్యలోవాడు అప్పుడే ఉరికొచ్చి నిలబడ్డాడేమో, కుదురుగా లేడు. చొక్కా ఉంది, చేతులున్నాయి, మొహం మాత్రం కదిలిపోయి ఎవరిదో తెలియకుండా పడింది.

"నేను కదిలిన. పాడైంది" అన్నాడు ఉమామహేశ్.

ఇర్మె ఆ మొహం మీద బొటనవేలు పెట్టింది. చాలాసేపు అలాగే చూసింది.

"వాడూ గంతే" అంది. "నిలబడమంటే నిలబడకపొయ్యేది."